నాలుగు నిమిషాల అవ్వ

సిద్దిపేటలో ఏ సభకు వెళ్లినా మైకు టెస్టింగే అన్నిటికన్నా మంచి ప్రసంగం. త్వరగా అయిపోతుంది, పైగా అందులో అబద్ధం ఉండదు.

మా ప్రదర్శన ప్రారంభం నాడూ అంతే. పల్లెల్లో ముసలివాళ్లు చెప్పిన జ్ఞాపకాలను రికార్డు చేసి, వచ్చినవాళ్లు హెడ్‌ఫోన్లు పెట్టుకుని వినేలా అమర్చాం. అందులో ఒక గొంతు అక్కన్నపేట వైపు జీవితమంతా నాట్లు వేసిన ఒక అవ్వది.

ఆమె ప్రతి మాట చివరా మోకాలు చరిచి, “రాసుకో బిడ్డా” అనేది. రికార్డరు నడుస్తోందని ఎంత చెప్పినా నమ్మేది కాదు. అనుమానించవలసింది రికార్డరును కాదని అప్పటికి నాకూ తెలియదు.

వయసులో ఉండగా ఊరి దొర పొలంలో నాట్లు వేస్తుంటే, గట్టుమీద పాలకోసం ఏడుస్తున్న తన పసిబిడ్డ దగ్గరికి దొర మనిషి ఆమెను పోనివ్వలేదట. బురదలో నిలబడి ఏడ్చిందట. ఆ తర్వాత చేతిలో ఉన్న నారుకట్టతో అతని మొహం మీద ఒకటిచ్చి, గట్టెక్కి బిడ్డకు పాలిచ్చిందట.

“మళ్ల కొట్టుమన్నా కొడ్త. రాసుకో.”

ప్రదర్శనలో ఒక్కొక్కరికి నాలుగు నిమిషాలే. ఏడుపు చక్కగా వచ్చింది కాబట్టి ఉంచాను. దెబ్బకు చోటు చాలలేదు. ముఖ్య అతిథి ఆ దొర మనవడు కావడం కూడా చోటు చాలకపోవడానికి కొంత సాయపడింది.

ఆయన విని, కర్చీఫుతో కళ్లు తుడుచుకున్నాడు. తర్వాత, మేం పిలిస్తే వచ్చిన అవ్వ కూడా హెడ్‌ఫోన్లు పెట్టుకుని చివరిదాకా విన్నది. అవి తీయకుండానే నాతో మాట్లాడింది కాబట్టి హాలంతటికీ వినబడింది.

“ఏడ్సింది ఉంచి, కొట్టింది తీసేసినవా? కొట్టింది పెట్టకుంటె నా ఏడుపు నాకియ్యి.”