మా బారువ వాళ్లూ, ఆ నవారో వాళ్లూ

ఆ రోజుల్లో నాకు తెలియని సంగతంటూ ప్రపంచంలో లేదని గట్టి నమ్మకం ఉండేది. ఇరవై దాటిన ప్రతివాడికీ ఉండే నమ్మకమే అది, నాకు కాస్త ఎక్కువగా ఉండేది, అంతే. రంగూన్‌లో (ఇప్పుడు యాంగోన్ అంటున్నారు) తాకేటా పేటలో మా ఇల్లు, లమ్మడాలో ఒక చిన్న గెస్ట్‌హౌస్‌లో కౌంటర్ దగ్గర ఉద్యోగం. యాంగోన్‌కి విదేశీయులు తండోపతండాలుగా వస్తున్న కాలం కావడంతో, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడల్లా దొరబాబులా తిరిగేవాడు. సాయంత్రం ఇంటికి వెళ్తూ వెళ్తూ పజుండౌంగ్‌లో బస్సు దిగి ఒక తెలుగువాళ్ల మసాలా కొట్లో పసుపు కొనడం నా దినచర్య. పసుపు మీద ప్రేమ కాదు. ఆ కొట్లో త్రాసు ముందు కూర్చునే పిల్ల, పొట్లం చేతికిస్తూ "ఇంకేటి కావాల, అకో?" అనేది. (బర్మా భాషలో అకో అంటే అన్నయ్య. ప్రియుణ్నీ అలాగే పిలుస్తారు. నన్ను ఏ లెక్కన పిలుస్తోందో తెలియక సగం చిక్కిపోయాను.) ఇంట్లో డబ్బాలన్నీ పసుపుతో నిండిపోయి, చివరికి మా మామ్మ "ఏట్రా ఇది, ఇంట్లో పెళ్లేటి?" అని అడిగే దాకా వచ్చింది.

పెళ్లి మాట తనే ఎత్తింది కదా అని ధైర్యం చేసి ఆ పిల్ల సంగతి చెప్పేశాను. మామ్మంటే నాన్నగారి తల్లి, మా ఇంట్లో ఆవిడ మాటకి తిరుగు లేదు. నములుతున్న కిళ్లీ బుగ్గన పెట్టుకుని నోరు తెరిచింది. "ఓలమ్మ! ఆలూ బారువోళ్లే, మనవూ బారువోళ్లే. ఆ గుంట నీకు సెల్లెలవుద్దిరా!"

మా ఇంటిపేరు బారువ. సముద్రానికి అవతల, శ్రీకాకుళం వైపున్న ఊరు అది, మా ఇంట్లో ఎవరూ చూసిన పాపాన పోలేదు. బర్మా వాళ్లకి ఇంటిపేర్లుండవు, కాగితాల మీద మాకూ బర్మా పేర్లే. ఇంకెందుకూ పనికిరాని ఆ ఇంటిపేరు, నా పెళ్లికి అడ్డం పడటానికే ఇన్ని తరాలు బతికినట్టుంది. ఒకే ఇంటిపేరున్న వాళ్లు అన్నాచెల్లెళ్ల లెక్క, ఇంక మాట్లాడటానికేం లేదు. ఆ పిల్ల తాతదీ అదే మాటట. నాకు అన్నం సహించలేదు. (ఉద్యోగం చేసేచోట తినేవాణ్ని, అది వేరే సంగతి.)

ఆ దిగుల్లో ఉండగానే ముగ్గురు అతిథులు దిగారు. స్పెయిన్ నుంచి ఒక అమ్మాయి, ఇంటిపేరు నవారో. ఇటలీ కుర్రాడు, నవారా. ఫ్రాన్స్ నుంచి ఒక ముసలాయన, నవార్. మూడు రకాలుగా పలికినంత మాత్రాన నన్ను మోసం చేయగలరా! ఆస్తి తగాదాలొచ్చి విడివిడిగా ప్రయాణం చేస్తున్న ఒకే కుటుంబమని తేల్చేశాను. కలిపితే పుణ్యమని పక్కపక్క గదులిచ్చి, పొద్దున్నే ముగ్గురికీ ఒకే బల్ల మీద వేడివేడి మొహింగా, అంటే చేపల పులుసు పోసిన సేమ్యా, పెట్టించాను. కలిశారు. ఎంతగా కలిశారంటే, కొద్ది రోజులకే ఆ అమ్మాయీ ఆ కుర్రాడూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని నది ఒడ్డుకి షికారు బయలుదేరారు.

అన్నాచెల్లెళ్లు! అందులోనూ నా చేతుల మీదుగా! (మాకు లేని అదృష్టం వీళ్లకెందుకన్న ఉడుకుమోత్తనం కూడా కొంత లేకపోలేదు.) వెంటనే ముసలాయన దగ్గరికి వెళ్లి, తమరు ఇంటికి పెద్దవారు, పిల్లల్ని మందలించాలని చేతులు కట్టుకుని మొరపెట్టుకున్నాను. ఆయనకి సంగతి అర్థం కావడానికి కొంతసేపు పట్టింది. అర్థమయ్యాక కాఫీ పొలమారింది. కళ్లద్దాలు తీసి తుడుచుకుంటూ మరీ నవ్వాడు.

అప్పుడు చెప్పాడు. స్పెయిన్‌లో ఉత్తరాన నవార్ అని ఒక ప్రాంతం ఉందట. అక్కణ్నుంచి బతుకుతెరువు వెతుక్కుంటూ కదిలినవాళ్లని, వెళ్లిన చోటల్లా జనం ఆ ప్రాంతం పేరుతోనే పిలిచారట, ఒక్కో భాషలో ఒక్కో రకంగా. అంతేగానీ వాళ్లలో వాళ్లకి చుట్టరికం ఉండాలని లేదు. "అక్కడే ఉండిపోయినవాణ్ని ఆ పేరుతో ఎవరు పిలుస్తారోయ్? అక్కడ అందరూ అక్కడివాళ్లే కదా," అన్నాడు.

ఆ సాయంత్రం మొదటిసారిగా పజుండౌంగ్‌లో దిగకుండా నేరుగా ఇంటికి పరుగెత్తాను.

"మామ్మా, బారువలో ఉన్నప్పుడు మనల్ని ఏటని పిలిసీవోరు?"

"ఏటని పిలుస్తారు, బారువో..." అంటూనే ఆగిపోయింది. "కాదురోయ్. ఊళ్లో అందరూ బారువోళ్లే గదా. మనల్ని దిబ్బమీదోళ్లనీవోరని మా అత్త సెప్పీది. ఇక్కడ రేవులో దిగినాక కూలీల మేస్త్రి 'ఒరే బారువోడా' అని పిలిసినాడంట. అదే నిలిసిపోనాది."

"మరి ఆలనో?"

"నాకేటి తెలుసు? ఎల్లి అడగాల."

అడగడానికి తనే బయలుదేరింది. కొట్టు ముందు బెంచీ మీద మామ్మా, ఆ పిల్ల తాతా ఎదురెదురుగా కూర్చుని, టీ మీద టీ తాగుతూ పూర్వీకుల్ని తవ్వుకున్నారు. చివరికి తాత గడ్డం గోక్కుని, "ఊళ్లో మావు తోటోళ్లవమ్మా. మమ్మల్నీ మేస్త్రే బారువోళ్లని సేసినాడు," అన్నాడు. ఏ మేస్త్రో అసలు పేరు పిలవడానికి బద్ధకించినందుకు నేను పెళ్లి కాకుండా మిగిలిపోబోయాను! ఇద్దరూ హాయిగా నవ్వుకుని ముహూర్తాల్లోకి దిగారు.

"నన్నెవులైనా అడిగినారేటి?"

త్రాసు వెనక నుంచి వచ్చింది ఆ మాట. నిజమే. ఫ్రాన్స్ తాతగారితో సహా అందరితో మాట్లాడాను గానీ, ఆ పిల్లని ఒక్కమాట అడగాలని తోచలేదు. "ఒక్క ఇంటిపేరు గదా, పెళ్లి బెడద నేదని నవ్వుతా మాటాడినాను. ఇప్పుడు ఆలోసించుకోవాల," అని చేట పట్టుకుని లోపలికి వెళ్లిపోయింది.

ఆ ఆలోచన వానాకాలమంతా సాగింది. నేను గొడుగు వేసుకుని వెళ్లి మిరియాలూ, జీలకర్రా కూడా కొన్నాను. చినుకులు తగ్గాక ఒకరోజు, పొట్లం కడుతూ తలెత్తకుండానే సరేనంది.

పెళ్లయి ఏళ్లు గడిచాయి, నా నెత్తిన జుట్టూ పలచబడింది. నాలో ఏం చూసి ఒప్పుకున్నావని మా ఆవిణ్ని ఇప్పటికీ అప్పుడప్పుడూ అడుగుతుంటాను. "ఇంటిపేరు మార్సుకునే పని నేదు గదా," అని తన పనిలో తను పడిపోతుంది. ఎప్పటికైనా ఇంకో కారణం చెబుతుందేమోనని, పాపం, నాలోని అన్నీ తెలిసిన ఆ కుర్రాడు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.