రెండో వరుస

ల్యాబులో ఆమెను అందరూ ‘హస్తవాసి అక్క’ అనేవారు. ప్రొటీన్ చుక్క ఇంకెవరు వేసినా మడ్డిలా పేరుకుపోయేది, ఆమె వేస్తే స్ఫటికం కట్టేది. అందుకే అంతరిక్షానికి వెళ్లే పెట్టెను నింపే పని ఆమెకే అప్పగించారు. రెండు వరుసలు, వరుసకు పన్నెండు గుంటలు. భూమ్మీద స్ఫటికాలు అడుగుకు దిగి, ఒకదాని మీదొకటి పడి వంకరపోతాయి. పైన బరువు తెలియదు కనుక నిదానంగా, తీరుగా పెరుగుతాయి. వాటి మీద ఎక్స్-రే వేసి ప్రొటీన్ ఆకారం కనుక్కోవాలి. పసిపిల్లల కండరాలను తినేసే జబ్బుకు మందు వెతకడానికి ఆ ఆకారమే ఆధారం.

రాకెట్ వెళ్లిన మూడో రోజు బల్ల సర్దుతూ ఆమె ఠక్కున ఆగిపోయింది. స్ఫటికం కట్టడానికి గుంటల్లో పోయాల్సిన చిక్కటి ఉప్పునీళ్ల సీసా సగానికి పైగా మిగిలే ఉంది. పక్కనే, గొట్టాలు కడిగే పలచటి నీళ్ల సీసా ఖాళీ. రెండో వరుసకు ఏది పోసింది? ఎంత తలబద్దలు కొట్టుకున్నా గుర్తుకు రాలేదు.

చెబితే ఇన్నేళ్ల పేరు మట్టికొట్టుకుపోతుంది. చెప్పకపోతే ముద్ద దిగడం లేదు.

“కూరలో ఉప్పు తక్కువైందని కూడా ఎప్పుడూ ఇంత దిగులుపడలేదు కదే నువ్వు!” అంది అత్తగారు, సంగతంతా విని.

“కూరలోనైతే మళ్లీ వేసుకోవచ్చు అత్తయ్యా.”

“మరి మీ సార్‌తో చెప్పు. నాతో చెప్తే ఏం లాభం?”

అయినా నోరు పెగలడానికి ఐదు వారాలు పట్టింది. పెట్టె మర్నాడు పైనుంచి తిరిగి వస్తుందనగా ల్యాబు పెద్దాయన గదిలోకి వెళ్లి, నిలబడే చెప్పేసింది.

“ఇన్నాళ్లూ కడుపులో పెట్టుకుని కూర్చున్నావా?”

“భయమేసింది సార్.”

“తెరిచాక స్ఫటికాలు ఎక్కువసేపు నిలవవు. ఎక్స్-రే యంత్రం మనకిచ్చింది ఒక్క పూటే. రెండు వరుసలూ కలిపి చూద్దామనుకున్నా. ముందు మొదటిదే చూద్దాం,” అన్నాడు.

మొదటి మూడు గుంటల్లో మసక. నాలుగో దాంట్లో, ఏడో దాంట్లో గాజుముక్కల్లా పదునైన అంచులతో స్ఫటికాలు. పూట ముగిసేలోపు రెండింటి మీదా ఎక్స్-రే వేసేశారు.

ఆ తర్వాత రెండో వరుస తెరిచారు. పన్నెండు గుంటల్లోనూ వట్టి నీళ్లు.

“నీ అనుమానమే నిజమైందమ్మా,” అన్నాడు పెద్దాయన. “ఇకమీదట సీసా పేరు పైకి చదివే మనిషి నీ పక్కన ఉండాల్సిందే.”

ఆమె తలూపింది. నివేదికలో తప్పు ఎవరిదో రాయాల్సిన చోట తన పేరు తనే రాసి, ఆయన ముందు పెట్టింది.