కుళ్ళాయప్ప పింగు నోట్‌బుక్

తెర మీద ఎనిమిది వందల నలభై అని కనబడేసరికి కుళ్ళాయప్ప సంబరపడిపోయాడు. మూడు రోజులుగా అరవై దగ్గరే ఆడుతున్న అంకె ఒక్కసారిగా ఎనిమిది వందలు దాటింది. ఆయన చదివింది ఏడో తరగతి. అంకె పెరిగిందంటే బాగుపడిందనే ఆయన లెక్క. వెంటనే సెల్లు తీసి, కదిరిలో కంప్యూటర్లు బాగుచేసే ఉదయ్ కుమార్‌కు ఫోన్ చేశాడు.

"ఏమప్పా, నువ్వు పెట్టిపోయింది భలే పని చేస్తాండాది. ఎనిమిది నూర్లు దాటినాది!"

"అన్నా, అవి మార్కులు కాదు! మన కంప్యూటర్ పంపిన కబురు నెట్టులో అవతలి కంప్యూటర్ దాకా పోయి తిరిగొచ్చేకి ఎంతసేపు పట్టినాదని చూపిస్తాండాది. దాన్ని పింగు అంటారు. అది తగ్గాల."

"మరి మొన్న స్పీడు పెరగాలంటివే?"

"అది స్పీడు. ఇది ఆలస్యం. రెండూ వేరేన్నా."

"ఒకటి పెరగాల, ఇంకోటి తగ్గాల. నాకేం తలకెక్కలేదు పో."

తనకల్లు బస్టాండు ఎదురుగా పదేళ్లు ఎస్టీడీ బూత్ నడిపిన మనిషి కుళ్ళాయప్ప. సౌదీలో ఉన్నవాళ్లతో మాట్లాడేటప్పుడు జనం గొంతు చించుకుంటుంటే, "మెల్లగా మాట్లాడు తల్లీ, వాళ్లకు వినపడతాండాది" అని చేత్తో సైగ చేసేవాడు. అందరి చేతుల్లోకీ సెల్లు వచ్చాక అద్దాల గది పీకేసి మూడు కంప్యూటర్లు పెట్టాడు. ఆ ఊళ్లో అదొక్కటే నెట్ సెంటరు. పైన మిద్దె మీదే కాపురం.

తంటా ఎక్కడంటే, కొన్ని రోజులు పొద్దున పదింటికి నెట్టు నత్తలా పాకుతుంది. కాసేపటికి అసలే నిలిచిపోతుంది. సాయంత్రానికి దానంతట అదే బాగవుతుంది. లైన్‌మన్ రెండుసార్లు వచ్చాడు. రెండుసార్లూ బాగున్న రోజే వచ్చాడు, బాగుందని చెప్పి పోయాడు. అప్పుడే ఉదయ్ కుమార్ ఈ కొలిచే సాఫ్ట్‌వేర్ తెచ్చి మూడో కంప్యూటర్లో ఎక్కించాడు.

"దీనికి ఎంతియ్యాల?"

"ఏమీ అక్కర్లేదన్నా. రాసినోళ్లే ఊరికే ఇచ్చినారు. కావాలంటే లోపల ఏం రాసినారో కూడా చూసుకోవచ్చు."

"ఎవరు వాళ్లు? మనకెందుకిస్తారు?"

"నాకూ తెలీదన్నా. నువ్వు మాత్రం గంటకోసారి ఆ అంకె రాసిపెట్టు."

ఎవరో ఊరూ పేరూ తెలియనివాళ్లు తనకల్లుకు ఊరికే ఎందుకివ్వాలన్నది కుళ్ళాయప్పకు ఎప్పటికీ అర్థం కాలేదు. అయినా రెండు వందల పేజీల నోట్‌బుక్ కొని, పైన పసుపు బొట్టు పెట్టి, గంట తప్పకుండా రాశాడు. జవాబు రానప్పుడు 'పోయినాది, రాలేదు' అని రాశాడు.

ఇంతలో పాపన్న వచ్చాడు. ఆయన వేరుశనగ రైతు. ఆయన కూతురు లహరికి ఇంజనీరింగ్ ర్యాంకు వచ్చింది. ఏయే కాలేజీలు కావాలో కంప్యూటర్లో నింపాలి. ఆమె ర్యాంకుకు ఇచ్చింది ఒక్కటే రోజు, పదహారో తారీఖు. ఆ రోజు తప్పితే సీటు ఆశ వదులుకోవాల్సిందే.

"నీ నెట్టు మీద నాకు నమ్మకం లేదు కుళ్ళాయప్పా. పాపను కదిరికి తీసుకపోతా."

"కదిరికి ఎందుకు? ఈడే చేయిస్తా. చేయించకపోతే ఈ సెంటరుకు బీగం వేస్తా, సరేనా?"

పౌరుషానికి అన్నాడు కానీ, పాపన్న వెళ్లగానే నోట్‌బుక్ ముందేసుకుని ఉదయ్ కుమార్‌కు ఫోన్లో అంతా చదివి వినిపించాడు. నెట్టు చెడిపోయిన తారీఖులు నాలుగు, ఎనిమిది, పన్నెండు.

"అన్నా, నాలుగు రోజులకొకసారి పోతాండాది. అంటే పదహారు కూడా..."

పక్కనే బియ్యం ఏరుతున్న భార్య ఓబమ్మ తలెత్తింది.

"అవి మన వీధికి కొళాయి నీళ్లిడిచే రోజులు కదా!"

"నీళ్లకూ నెట్టుకూ ఏం సంబంధమే?"

ఉదయ్ కుమార్‌కూ తెలియలేదు. వీధంతా మోటర్లు వేస్తారు కాబట్టి వోల్టేజీ పడిపోతుందేమోనన్నాడు. కుళ్ళాయప్ప ఇంటింటికీ తిరిగి, పదహారున మోటర్లు వేయొద్దని బతిమాలాడు. నాలుగు రోజులకోసారి వచ్చే నీళ్లు! అందరూ నవ్వారు.

పదహారున తొమ్మిదిన్నరకే లహరి కూర్చుంది. మొదట అరవై. పది దాటాక రెండు వందలు. తర్వాత తొమ్మిది వందలు. పేజీ తిరుగుతూనే ఉంది.

"మామా, నిలబడిపోయినాది!"

కనీసం తన ఇంటి మోటరైనా ఆపుదామని కుళ్ళాయప్ప మిద్దె మీదికి పరిగెత్తాడు. అక్కడ ఓబమ్మ అప్పుడే కొళాయి నీళ్లలో ఉతికి, నీళ్లు కారుతున్న చీరలు ఆరేస్తోంది. బట్టలారేసే ఇనుప తీగ మీద కాదు, నల్లటి తీగ మీద. స్తంభం నుంచి సెంటరుకు వచ్చే ఫోను తీగ అది. బరువుకు వంగి, మధ్యలో టేపు చుట్టిన అతుకు సాగిపోయి, తడిసి ముద్దయింది.

"దీని మీద ఆరేస్తాండావా? ఎన్నాళ్ల నుంచి?"

"ఆ ఇనుప తీగ తెగినప్పట్నుంచి. కొత్తది కట్టిస్తానని కట్టించకపోతివి. నన్ను చీరలు నెత్తినేసుకోమంటావా?"

కుళ్ళాయప్ప గబగబా చీరలు లాగేసి, భుజం మీది టవల్‌తో అతుకు తుడిచి, చేతులెత్తి తీగను పైకి పట్టుకున్నాడు.

"అమ్మీ, ఎంతుండాది?" అని కిందికి కేకేశాడు.

"నాలుగు నూర్లు మామా!"

"పెరిగినాదా, తగ్గినాదా?"

"తగ్గినాది!"

"తగ్గితే మంచిదేనా?"

"మంచిదే మామా, కదలొద్దు!"

ఎండలో చేతులు పైకెత్తి గంటసేపు నిలబడ్డాడు. వీధిలో పోయేవాళ్లు ఆగి, ఏం మొక్కు ఇదని అడిగారు. చివరికి పాపన్నే మెట్లెక్కి వచ్చాడు, చేతిలో ప్రింటు కాగితం.

"అంతా ఎక్కినాదంట. దింపప్పా చేతులు. బీగం వేసే పని లేదులే."

మరునాడు తీగ మార్పించడానికి ఉదయ్ కుమార్ వచ్చాడు. నోట్‌బుక్ తిరగేసి, పదహారో తారీఖు దగ్గర ఆగి, బుర్ర గోక్కున్నాడు. అక్కడ పింగు అంకె లేదు.

"అన్నా, 'చీరలు ఐదు' అంటే ఏమి? ఇది పెరగాల్నా, తగ్గాల్నా?"