నెప్ట్యూన్ నాలుగో వాక్యం

జయరాముడు సారుది ఏ ఊరు?

ఈ ప్రశ్నకు నా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. ధర్మవరంలో మూడేండ్లు ఆయన పక్కన కూర్చుని టీ తాగినవాణ్ణి. గ్రంథాలయంలో పనిచేసి రిటైరై, మనుషులకన్నా పుస్తకాలతోనే ఎక్కువ మాట్లాడే నాకే ఆయన ఊరు తెలుసుకోవాలని అంత ఆత్రం పుట్టిందంటే, మిగతావాళ్ల సంగతి చెప్పేదేముంది? కానీ సారుకు ఒక అలవాటు ఉండేది. తన గురించి ఏమడిగినా గ్రహాల గురించి చెప్పేవాడు.

"మీదే ఊరు సార్?" అని మొదటిరోజే అడిగింది టీకొట్టు చౌడక్క.

"పాలపుంతలో ఒక మూల."

"అది యాడొస్తాది? తాడిమర్రి దాటినాకనా?"

"దాటినాకే. చానా దూరం పోవల్ల."

సెలూన్‌లో గడ్డం గీసేవాడు కత్తి గొంతుమీద పెట్టి, "పెండ్లయిందా సార్?" అన్నాడు. మామూలు మనిషైతే ఆ స్థితిలో నిజం చెప్పేస్తాడు. సారు మాత్రం కళ్లు మూసుకుని, "గురుగ్రహానికి తొంభైమంది పైన చంద్రులు. అంత సంసారం ఉండి కూడా ఒక్కమాట బయటికి చెప్పుకోదు చూడు" అన్నాడు.

"ఆరోగ్యం బాగుండాదా సార్?" అంటే, "శుక్రుడి మీద సీసం కరిగిపోతాదంట. దాంతో చూసుకుంటే చానా బాగుండాను."

బుక్కపట్నం నుంచి ఒక పెండ్లిళ్ల పేరయ్య ఫోటో పట్టుకుని వచ్చాడు. మేడమీద సారు గదిలో గంటసేపు కూర్చున్నాడు. దిగి వచ్చేటప్పుడు ఆయనకు తెలిసిందల్లా, శనిగ్రహాన్ని నీళ్లలో వేస్తే మునగకుండా తేలుతుందని. "మా చెరువు చాలదు కదన్నా దానికి" అని నాతో చెప్పుకుని బాధపడుతూ బస్సెక్కాడు.

సారు పని ఇంగ్లీషు నేర్పడం. పట్టుచీరల అంగడి మీద ఒక గది, సాయంత్రం పూట. వచ్చేవాళ్లంతా పెద్దవాళ్లే. చీరలు చూపించేవాళ్లు, మగ్గాలిళ్ల ఆడవాళ్లు, ఆటోలవాళ్లు. అందరిదీ అవసరం. ఆ అవసరం తీర్చడానికి ఆయన నేర్పేది మాత్రం గ్రహాలు.

"సార్," అన్నాడు ఆటో కుళ్లాయప్ప, "స్టేషనుకాడ దిగినోళ్లను 'యాడికి పోవల్ల' అని అడిగేది నేర్పితే నాకు చాలు. నెప్ట్యూన్‌కు ఎవురూ ఆటో మాట్లాడరు."

"మాట్లాడితే? ఆ పొద్దు నోరెళ్లబెట్టుకుని నిలబడతావా?"

ఆయన పద్ధతి ఇది. నలుగురికి ఒక గ్రహం. ఆ గ్రహం గురించి ఒక్కొక్కరూ ఒక్కో వాక్యం తయారు చేసుకోవాలి. ఒకరి వాక్యం ఇంకొకరు చెప్పకూడదు. నాలుగూ పడితేనే గ్రహం పూర్తయినట్టు. నెప్ట్యూన్ గ్రూపులో ముగ్గురే ఉన్నారని ఒకరోజు కింద టీ తాగుతున్న నన్ను చెయ్యిపట్టి పైకి తీసుకుపోయాడు. ఎందుకని అడిగితే ఏ గ్రహం మీద పడేస్తాడోనని మాట్లాడకుండా పోయాను.

మా నెప్ట్యూన్ ఇట్లా ఉండేది. చౌడక్క "ఇట్ ఈజ్ బ్లూ" అనేది. కుళ్లాయప్ప "ద విండ్స్ ఆర్ వెరీ ఫాస్ట్" అనేవాడు, అక్కడి గాలితో పందెం వేసుకున్నవాడి మాదిరి. నేను "ఇట్ ఈజ్ వెరీ ఫార్" అనేవాణ్ణి. నాలుగోది నాగమణిది. "బట్ ఇట్ కమ్స్ రౌండ్." ఎంత దూరమున్నా తిరిగి వస్తుందని. రాసింది ఆమే. చెప్పమంటే మాత్రం నోరు తెరవదు.

నాగమణికి ముప్పై ఏండ్లుంటాయి. తలుపుకు దగ్గరగా, లేచిపోవడానికి వీలుగా కూర్చునేది. హిందూపురంలో బట్టల ఫ్యాక్టరీలో చెకింగ్ సూపర్‌వైజరు పని ఉందని, ఇంటర్వ్యూ ఇంగ్లీషులోనని, అది వస్తే తన కాళ్లమీద తాను నిలబడొచ్చని వచ్చింది. మొదటిరోజే చౌడక్క జరిగి కూర్చుని, "మీ ఆయన ఏం చేస్తాడమ్మా?" అని మొదలుపెట్టింది. బోర్డు దగ్గరున్న సారు వెనక్కి తిరక్కుండానే, "చౌడక్కా, నెప్ట్యూన్ రంగేమి?" అన్నాడు.

"నీలం సార్."

"అది చెప్పు ఆమెకు."

రోజూ మేము ముగ్గురం మా వాక్యాలు చెప్పేవాళ్లం. తర్వాత నాగమణి వంతు. సారు చాక్‌పీసు పట్టుకుని నిలబడేవాడు, ఎంతసేపైనా. నాగమణి తలవంచుకునేది. చివరికి ఆయన, "సరే, నెప్ట్యూన్ ఇంకా చల్లారుతాండాది" అని పక్క గ్రూపుకు పోయేవాడు.

"ఆమెది నేను చెప్పేస్తా సార్, నాకు బట్టీ వచ్చేసింది" అన్నాడు ఒకరోజు కుళ్లాయప్ప.

"అప్పుడది నీ గ్రహమయితాది. గాలికి నువ్వొక్కడివే కొట్టుకుపోతావు."

ఇంటర్వ్యూ ఇంక వారం ఉందనగా సారు పెద్ద ప్రాజెక్టు పెట్టాడు. ధర్మవరం స్టేషను సూర్యుడు, హిందూపురం స్టేషను నెప్ట్యూన్. మధ్యలో రైలుదారి పొడుగునా తక్కిన గ్రహాలు, లెక్కప్రకారం ఎంత దూరంలో ఉండాలో అంత దూరంలో. గ్రూపులు తమ గ్రహాన్ని వెదురుబద్దలతో, పట్టుగుడ్డ ముక్కలతో కట్టి, దాని పక్కన నిలబడి, వచ్చేపోయేవాళ్లకు ఇంగ్లీషులో వివరించాలి. ఆ లెక్కకు సూర్యుణ్ణి కట్టడం ఎవరివల్లా కాలేదు. స్టేషను బయట ఖాళీ జాగాలో సున్నంతో పెద్ద వలయం గీశారు. భూమి ఫుట్‌బాల్ అంత. "ఇంతేనా సార్ మనం?" అన్నాడు కుళ్లాయప్ప. దాన్ని చేతిలో తిప్పి, ధర్మవరం ఎక్కడుంటుందో వెతికాడు పాపం.

మేము నలుగురం, సారు, నీలం నెప్ట్యూన్‌ను ఒళ్లో పెట్టుకుని ప్యాసింజరు ఎక్కాం.

"ఏమప్పా అది, దేవుడా?" అంది ఎదురు సీటు అవ్వ.

"గ్రహమవ్వా."

"శనా?" అని అవ్వ కాళ్లు పైకి పెట్టుకుంది.

"కాదులే. ఇది కొత్తగా చేరినాది."

మొదటి నాలుగు గ్రహాలూ రైలు వేగం అందుకునే లోపలే అయిపోయాయి. ఇంకాసేపటికి ఒక గేటు దగ్గర గురుడు, మనిషికన్నా ఎత్తుగా, చారల చీరల్లో. తర్వాత చాలాసేపటికి, రైలాగిన ఒక చిన్న స్టేషనులో శని. జరీ అంచులు వలయాలుగా కట్టుకుని ఎండలో మెరిసిపోతున్నాడు. ఆయన ముందు ఎవరో అప్పటికే నువ్వులనూనె దీపం పెట్టి, నల్లగుడ్డ పరిచి, ప్రదక్షిణలు చేస్తున్నారు. మా వాళ్లు నలుగురూ ఇంగ్లీషు మర్చిపోయి తీర్థం ఇస్తున్నారు.

ఆ తర్వాత ఇంకేమీ లేదు.

రైలు పోతూనే ఉంది. వేరుశనగ చేన్లు, గుండ్లు, గుట్టలు. కుళ్లాయప్ప కిటికీలోంచి చూసి చూసి, "సార్, మనం గ్రహాన్ని మిస్ అయినామా?" అన్నాడు.

"లేదప్పా. ఖాళీలో పోతాండాం."

"ఇంత ఖాళీనా?"

పెనుకొండ కొండ కనిపించేదాకా అదే ఖాళీ. నేను చదివిన పుస్తకాల్లో ఈ దూరాలన్నీ అంకెలుగా ఉన్నాయి. అంకెల మీద ఇట్లా ఎండ పడుతుందని, వాటి పక్కన మేకలు మేస్తుంటాయని నాకు తెలియదు. పెనుకొండలో యురేనస్‌ను పక్కకు పడుకోబెట్టి నిలబడ్డారు మావాళ్లు, అది అట్లే దొర్లుతుందట. అక్కడినుంచి మళ్లీ ఖాళీ. "ఇంత దూరముండి కూడా దాన్ని సూర్యుడు విడిచిపెట్టలేదు చూడు" అన్నాడు సారు, ఎవరితోనూ కాదన్నట్టు. నాగమణి ఒళ్లో ఉన్న నీలం గోళాన్ని కొంచెం దగ్గరికి లాక్కుంది.

హిందూపురం ప్లాట్‌ఫారం మీద జనం మూగారు. చౌడక్క చెప్పింది, కుళ్లాయప్ప చెప్పాడు, నేను చెప్పాను. ఇంక నాగమణి వంతు. గుంపులోంచి ఒకాయన నాగమణినే చూస్తూ, "నీదే ఊరమ్మా? ఇంట్లో మగోళ్లెవరూ రాలేదా?" అన్నాడు.

సారు కదల్లేదు.

నాగమణి తలెత్తింది. "సర్, వి ఆర్ టాకింగ్ అబౌట్ నెప్ట్యూన్" అంది. గోళం మీద చెయ్యిపెట్టి, "బట్ ఇట్ కమ్స్ రౌండ్" అంది. కుళ్లాయప్ప ఈల వేశాడు. ఆ అడిగినాయన కూడా చప్పట్లు కొట్టాడు.

ఇంటర్వ్యూలో ఏం జరిగిందో ఆమే వచ్చి చెప్పింది. "మొదట్లోనే 'టెల్ అజ్ అబౌట్ యువర్ హస్బెండ్' అన్నారు. 'దట్ ఈజ్ అనదర్ ప్లానెట్, సర్' అన్నాను. పెద్దగా నవ్వినారు. తర్వాత ఒక చొక్కా చేతికిచ్చి చెప్పమన్నారు. గురుడి గ్రూపోళ్లు చెప్పేది రోజూ విన్న్యా కదా. ఇట్ ఈజ్ బిగ్, ఇట్ హేజ్ లైన్స్, ఇట్ హేజ్ వన్ రెడ్ స్పాట్ అన్నా. మచ్చ నిజంగానే ఉన్న్యాది, కాలరు కింద. అదే వాళ్లు పెట్టిన పరీక్షంట."

పని వచ్చింది. ఆమెను హాస్టల్లో దింపడానికి మళ్లీ అందరం హిందూపురం పోయాం. రెండు సంచులున్నాయి. రెండూ ఆమెవే అనుకున్నాం.

స్టేషనులో దిగినాక, చౌడక్క మైసూరుపాకు పంచుతుంటే, నాగమణి నా పక్కకు వచ్చింది. "పెద్దాయనా, సారుదే ఊరో నీకు తెలుసునా?"

"లేదమ్మా. మూడేండ్లుగా అడుగుతాండా."

"నాదే ఊరో తెలుసునా?"

ఆలోచించాను. తెలియదు. ఆమె భర్త ఉన్నాడో, పోయాడో, విడిచిపెట్టాడో తెలియదు. కుళ్లాయప్ప తండ్రి ఎవరో, చౌడక్కకు పిల్లలున్నారో లేదో, ఆ గదిలో ఎవరిది ఏ కులమో, ఏమీ తెలియదు. ఎవరు ఏ వాక్యం చెప్తారో మాత్రం తెలుసు.

"ముందు రెండు ఇన్‌స్టిట్యూట్లకు పోయింటి," అంది నాగమణి. "మొదటిరోజే లేపి, నీ పేరు, నాయన పేరు, మొగుడు ఏం చేస్తాడు, ఇవన్నీ ఇంగ్లీషులో చెప్పమన్నారు. రెండోరోజు పోలేదు. ఈయన తన సంగతి ఒక్కటి చెప్పుకునింటే, మమ్మల్నీ అడిగేటోళ్లు కదా పెద్దాయనా."

నేను సారు వైపు తిరిగాను. ఆయన అక్కడ లేడు. అప్పుడే కదిలిన బెంగళూరు రైలు మెట్టు మీద ఉన్నాడు, రెండో సంచి భుజానికి. మా వైపు చూడనైనా చూడకుండా లోపలికి పోయి, కిటికీ దగ్గర కూర్చుని, ఎదుటివాళ్లు ఏదో అడిగితే చేతులు గుండ్రంగా తిప్పుతూ చెప్పడం మొదలుపెట్టాడు.

"ఎవరబ్బా ఆయన?" అన్నాడు పక్కనున్న పోర్టరు. "చెప్పకుండానే పోతాండాడే. ఏ ఊరు?"

"హిజ్ షర్ట్ ఈజ్ వైట్" అంది చౌడక్క.

"హి ఈజ్ వెరీ ఫాస్ట్" అన్నాడు కుళ్లాయప్ప.

నా వంతు. "హి ఈజ్ వెరీ ఫార్" అన్నాను.

పోర్టరు మమ్మల్ని ముగ్గురినీ మార్చి మార్చి చూశాడు. నాలుగోది మాది కాదు. ఒకరి వాక్యం ఇంకొకరు చెప్పకూడదు. చివరి పెట్టె మమ్మల్ని దాటి, పట్టాల మలుపులో చిన్నదై, చుక్కై పోయేదాకా ఎదురుచూశాం.

నాగమణి నోట్లోని మైసూరుపాకు మింగి, తీరిగ్గా, స్పష్టంగా చెప్పింది.

"బట్ హి కమ్స్ రౌండ్."