బావ కోసం పెట్టిన పరుగు

ఇరవై ఏళ్ల వయసులో మనిషికి కాళ్లలో కంటే నోట్లో సత్తువ ఎక్కువని నా నమ్మకం. రెండువేల నాలుగైదు ప్రాంతంలో, వనపర్తిలో డిగ్రీ చదువుతూ అక్కాబావల ఇంట్లో తింటున్న ఆ రోజుల్లో, నాకది మరీ ఎక్కువగా ఉండేది. మా బావ బోరు మోటార్లు బాగుచేసేవాడు. అంతకుముందు ఖిల్లా ఘణపూర్ వైపు పేరున్న కబడ్డీ ఆటగాడు. అలాంటి మనిషి చేతిలోంచి మొదట పానా జారింది, తర్వాత అన్నం ముద్ద జారింది, చివరికి కాళ్లే పడిపోయాయి. కండరాలు ఒక్కొక్కటే కరిగిపోయే జబ్బనీ, మందు లేదనీ హైదరాబాదు డాక్టర్లు చెప్పి పంపేశారు. ఆయన్ని మంచం మీంచి ఎత్తుతూ దించుతూ అక్క నడుము పోగొట్టుకుంది. ఒక చక్రాల కుర్చీ ఉంటే చాలు, అది కొనే స్తోమత మాకు లేదు.

పట్నాల్లో జబ్బు మనుషుల కోసం జనం పరుగులు తీసి చందాలు పోగుచేస్తారని టీవీలో చూసి, నేను ఘణపూర్ నుంచి వనపర్తి దాకా ఉరుకుతానని ప్రకటించాను. (అంతవరకూ నేను ఉరికింది బస్సుల వెనక మాత్రమే. అవీ దొరికేవి కావు.)

"నువ్వు ఉరికితే జనం పైసలెందుకిస్తర్రా?" అన్నాడు బావ.

"ఇస్తరు బావా. పట్నంల ఇస్తున్నరు."

"ఉరికేది నువ్వు, జబ్బు నాది, పైసలు వాళ్లయి. గిదేం కథరా బామ్మర్ది?"

అయినా బావ ఒళ్లో చందా డబ్బా పెట్టుకుని ఆటోలో నా ముందు రావడానికి ఒప్పుకున్నాడు. "ఇంట్ల పండుకునుడు కంటె నువ్వు రొప్పుతుంటె సూసుకుంట పోవుడు నయం" అన్నాడు.

మొదటి రెండు ఊళ్లలో నా వెంట కుక్కలు తప్ప ఎవరూ రాలేదు. నేనేదో దొంగతనం చేసి పారిపోతున్నానని కొందరు అనుకున్నారు కూడా. మూడో ఊళ్లో ఒక ముసలమ్మ దారికి అడ్డంగా నిలబడి "ఎవరికి మొక్కినవు బిడ్డా? కురుమూర్తి సామికా?" అంది. మొక్కు కాదని వివరించడానికి నాకు ఊపిరి మిగల్లేదు, తలూపేశాను. అంతే, బిందెడు నీళ్లు తెచ్చి నా కాళ్ల మీద కుమ్మరించి, కొంగు ముడి విప్పి డబ్బాలో చిల్లర వేసింది. (బూట్లు తడిసి బొబ్బలెక్కింది ఆ నీళ్లతోనే.) "మధ్యల ఆగొద్దు, బండెక్కొద్దు. మొక్కు చెడిపోతది" అని కూడా చెప్పింది. ఆ వార్త నాకంటే బాగా ఉరికింది. తర్వాతి ఊళ్లలో జనం నీళ్ల బిందెలతో, కొబ్బరికాయలతో, పల్లీలతో ఎదురొచ్చారు. డబ్బా నిండింది.

వనపర్తి ఇంకా నాలుగైదు కిలోమీటర్లు ఉందనగా పిక్కలు పట్టేసి రోడ్డు పక్కన కూలబడ్డాను. బావ ఆటో ఆపించాడు.

"ఎక్కురా."

"మొక్కు చెడిపోతది బావా."

"నేను లేస్తనని ఉరుకుతున్నవా ఏంది? కుర్చీకే గదా! ఎక్కు, సస్తవ్."

నవ్వుతూనే అన్నాడు గానీ నా వైపు చూడలేదు. కొబ్బరికాయల మధ్య ఇరుక్కుని కూర్చున్నాను. గుంత వచ్చినప్పుడల్లా బావ కాలు జారి నా మీద పడుతుంటే పట్టుకున్నాను. కబడ్డీలో ఊళ్లకు ఊళ్లను ఓడించిన కాలు అది, బరువే లేదు. నాకు ఏడుపొచ్చింది. ఊరి మొదట్లో ఆయన నన్ను దింపేసి "ఇగ ఉరుకు, మీ అక్క సూస్తది" అన్నాడు.

అక్కకు మొక్కు సంగతి అప్పటికే చేరిపోయింది. గడప ముందు హారతి పట్టి "నా తమ్ముడు ఆగకుంట ఉరికిండు. ఇగ మీ బావ లేస్తడు" అని ఏడ్చింది. బావా నేనూ ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. నేను వంగి హారతి కళ్లకద్దుకున్నాను.

కుర్చీ వచ్చింది. బావ అందులో రెండేళ్లు గల్లీ అంతా తిరుగుతూ "పందెం పెడదామారా బామ్మర్ది?" అని నన్ను ఏడిపించాడు. మూడో ఏడు వానల్లో పోయాడు.

ఇప్పుడు నాకు పొట్ట వచ్చింది, మెట్లెక్కితే ఆయాసం వస్తోంది. అక్క మాత్రం ఇంటికొచ్చిన ప్రతివాళ్లకూ చెబుతుంది: "మా తమ్ముడు ఘణపూర్‌కెల్లి ఈడిదాంక ఒక్క అడుగు ఆగకుంట ఉరికిండు. ఆ సామికే కనికరం లేకపాయె." నేను తల దించుకుని చాయ్ ఊదుకుంటాను. నిజం చెప్పేద్దామని చాలాసార్లు నోటిదాకా వచ్చింది. చెబితే, ఆ నాలుగు కిలోమీటర్లూ ఉరికుంటే బావ బతికేవాడని ఆమె నమ్ముతుంది. (సైన్సు చదివిన నాకే ఒక్కోసారి ఆ అనుమానం వస్తుంది.) అందుకే ఏటా కురుమూర్తి జాతరకు వెళ్లి, నా బదులు మాట పడుతున్న ఆ స్వామికి ఒక కొబ్బరికాయ ఎక్కువ కొట్టి, ముఖం చూడకుండా గుట్ట దిగి వస్తాను.