జపాన్ ఇంటికి పసుపు గడప

ఇక్కడ ఇంగ్లండులోని కోవెంట్రీలో మా సుభద్ర ఆంటీ గుండెపోటుతో కన్నుమూశారన్న వార్త పోయిన మంగళవారం అందింది. అంతకుముందు శనివారమే "మళ్ళీ సాక్సులు మర్చిపోయి వచ్చావంటే లోపలికి రానివ్వను" అని నన్ను గదమాయించిన కంఠం అది. అది శాశ్వతంగా మూగవోయిందంటే మనసు ఇంకా ఒప్పుకోవడం లేదు.

ఆసుపత్రి ఉద్యోగం నుంచి రిటైరయ్యాక ఆమె ఊరి శివార్లలోని జపాన్ ఇంట్లో వాలంటీరుగా చేరారు. వెనకే నన్నూ లాక్కెళ్ళారు. పట్టుపురుగులు పెంచుకుని బతికిన ఒక కుటుంబం తరతరాలుగా కాపురమున్న కొయ్య ఇల్లు అది. జపాన్‌లో ఆ ఊరు ఖాళీ అయి ఇల్లు శిథిలమవుతుంటే, ఇంగ్లండు కోడలైన ఆ ఇంటి ఆడపడుచు ఫుమికో గారు దూలం దూలం విప్పించి, ఓడలో తెప్పించి, ఇక్కడ మళ్ళీ నిలబెట్టించారు. తర్వాత ఒక ట్రస్టుకు అప్పగించారు. "పురుగులకేమో మేడ, మనుషులకేమో నేల. అదీ మర్యాదంటే!" అంటూ ఆంటీ ఆ చరిత్ర మొదలుపెడితే సందర్శకులు టీ సంగతి మరిచిపోయేవారు.

చెప్పులు బయట విడవాలి, గడప తొక్కకూడదు. ఈ విషయాల్లో ఆమె ఎవరినీ ఉపేక్షించేవారు కాదు. గడప తొక్కితే తండ్రి తల తొక్కినట్టేనని తమ అమ్మ మందలించేదని ఫుమికో గారు చెప్పిన రోజున ఆంటీ ఆనందం చూడాలి. "చూశావా, వీళ్ళు మనవాళ్ళే!" అన్నారు.

ఆ ఆనందమే కొంప ముంచింది. దుర్ముఖి ఉగాది ఉదయం, పండగ పూట గడప బోసిగా ఉందని తడిపసుపు రాసి, కుంకుమ బొట్లు పెట్టేశారు. రంగు వేయని పాత కొయ్య పసుపంతా పీల్చేసుకుంది. ట్రస్టు మేనేజరు నెత్తీ నోరూ బాదుకున్నాడు. గడపకు చిత్రిక పట్టించాలనీ, ఆంటీ పేరు వాలంటీర్ల జాబితాలోంచి తీసెయ్యాలనీ తీర్మానించారు. భర్త పోయాక ఆ ఇల్లే లోకమైన మనిషి. మీటింగులో తల వంచుకుని, "తప్పే బాబూ. మ్యూజియం అని మర్చిపోయాను. ఇల్లనుకున్నాను" అన్నారు.

కబురంది ఫుమికో గారు కర్ర ఊతంతో వచ్చారు. గడప ముందు మోకరిల్లి ఆ పచ్చదనాన్ని చాలాసేపు తడిమారు. "మా అమ్మ పోయాక దీన్ని ఇల్లనుకున్న మనిషి ఇన్నాళ్ళకి దొరికింది. మరకా ఉంటుంది, ఈవిడా ఉంటుంది" అన్నారు. మేనేజరు ఆ తీర్మానం కొట్టేశాడు.

అయినా, ఆ పసుపేమిటని ఎవరడిగినా ఆంటీ "ఎవరో మతిలేని ముసలిదాని నిర్వాకం లెండి" అని నవ్వేసేవారు. పరాయి ఇంటిని అంత నిష్కల్మషంగా ప్రేమించిన హృదయాన్ని నేను మరొకటి ఎరగను. ఇక చూడబోననీ తెలుసు.

నిన్న శనివారం ఆమె వంతు నేను తీసుకున్నాను. గుమ్మం దగ్గర ఒక ఇంగ్లీషావిడ వంగి చూసి, "ఈ మరకేమిటి?" అని అడిగింది. ఆంటీ జవాబు నోటిదాకా వచ్చింది గానీ చెప్పలేకపోయాను.

"ఈ ఇంటి పెద్దావిడ రాశారండీ. మొన్ననే పోయారు" అన్నాను.

ఆవిడ బూట్లు విడిచి, గడప తొక్కకుండా దాటి లోపలికి వెళ్ళింది.