ఆముదం పోసిన షాకులు

నాకు పని నేర్పి, అన్నం పెట్టి, మనిషిని చేసిన ఒక పెద్దాయన కుడిచెయ్యి నా మూలంగా వంకరపోయింది. ఈ సంగతి ఆయనకు తెలియదు. తెలియకుండానే పోయాడు. నేను మాత్రం ఇన్నేళ్లుగా దీన్ని మోస్తూనే ఉన్నాను. మీరెవరో నాకు తెలియదు కాబట్టి మీతో చెప్పగలుగుతున్నాను. తెలిసినవాళ్లతో చెప్పే ధైర్యం రాలేదు, ఇక వస్తుందన్న ఆశా లేదు.

ఆయన్ని ఊరంతా ఉస్తాద్ అనేవాళ్లు. నార్కట్‌పల్లిలో రోడ్డు పక్కన రేకుల షెడ్డులో మోటార్లు బాగుచేసేవాడు. రెండో ప్రపంచ యుద్ధమయ్యాక పటాలం వాళ్లు వదిలించుకున్న చిన్న ట్రక్కు ఒకటి కొనుక్కున్నాడు. ముందు ఇద్దరు కూర్చునే జాగా, వెనక సరుకు వేసుకునే తొట్టి. సరిగ్గా అలాంటిదే ఇంకొకటి మా సేటు దగ్గర ఉండేది. దానికి నేను డ్రైవర్ని, ఆముదాల బస్తాలు తోలేవాణ్ణి. ఎడ్లబండి తప్ప ఎరగని నాకు స్టీరింగు పట్టడం నేర్పింది ఉస్తాదే. పొద్దున్నే షెడ్డుకు పోతే చాయ్ కూడా ఆయనే పోసిచ్చేవాడు.

అవి నిజాం మీద తెలంగాణ సాయుధ పోరాటం రోజులు. పోలీసుల బండ్లు రాకుండా సంఘం వాళ్లు రోడ్లు తవ్వేవాళ్లు. పోలీసులు ఊరివాళ్లను పట్టుకొచ్చి ఆ గండ్లు పూడ్పించేవాళ్లు. ఒక్క వానకు మళ్లీ గుంత. ఆ గుంతల మీద తిరిగి తిరిగి మా సేటు బండి వెనక షాక్ అబ్జార్బర్లు చచ్చిపోయాయి. మేం షాకులనే అంటాం. అవి ఇప్పటిలాంటి గొట్టాలు కావు. నూనె నిండిన ఇనుప డబ్బీ ఒకటి చట్రానికి బిగించి ఉంటుంది, దాని చెయ్యి ఇరుసుకు తగిలించి ఉంటుంది. బరువు మోసేది కమాను, అంటే ఇనుప పట్టీల స్ప్రింగు. కమాను ఊపును పట్టి ఆపేది షాకు. అది పోతే గుంత దాటాక కూడా బండి ఎగురుతూనే ఉంటుంది, వెనక చక్రాలు నేలను వదిలేస్తాయి.

కొత్తవి ఎక్కడా దొరకలేదు. పాత ఇనుము కొట్లలో వెతికాను. ఒక జతకు చెయ్యి పొట్టి. ఇంకో జత డబ్బీ బీటలిచ్చింది. మా బండికి సరిపోయే జత ఊళ్లో ఒక్కటే ఉంది. అది ఉస్తాద్ బండికి ఉంది.

అంతలో యూనియన్ సైన్యం వచ్చింది, నిజాం సర్కారు పడిపోయింది. రజాకార్లు చేసిన దానికి ఏ పాపమూ ఎరగని ముస్లింల ఇళ్లు కూడా వణికిన రోజులవి. ఉస్తాద్ భార్యను చిట్యాలలో చుట్టాల ఇంట్లో దించాడు. తాను ఇంకెక్కడో తలదాచుకోవడానికి పోతూ బండి తాళం నా చేతిలో పెట్టాడు.

"జర చూస్కో బిడ్డా. నువ్వున్నవని ఫికర్ లేకుంట పోతున్న" అన్నాడు.

బండి సరిగ్గా నడవకపోతే ఇంకో డ్రైవర్ను చూసుకుంటానని సేటు నన్ను రోజూ సతాయించేవాడు. ఒకనాడు నేను షెడ్డు తలుపు తీశాను. పట్టపగలే. తుప్పు పట్టిన నట్లకు కిరోసిన్ పోసి నాననిచ్చాను. ఉస్తాద్ బండి షాకులు విప్పి మా బండికి బిగించాను, మావి ఆయన బండికి బిగించాను. పని బాగా చేశాను, ఒక్క బోల్టు మర పోనివ్వలేదు. ఆయన నేర్పిన పనే కదా.

అక్కడితో ఆగినా సగం పాపమే అయ్యేది. షాకు బతికుందో లేదో చూడటం కూడా ఉస్తాదే నేర్పాడు. తొట్టి మూలను రెండు చేతులతో అదిమి వదలాలి. ఒక్కసారి లేచి నిలబడితే బతికున్నట్టు, ఊగుతూ ఉంటే చచ్చినట్టు. ఆయన వస్తే మొదట చేసేది అదే. మా వైపు ఇరుసు కిర్రుమంటే ఆముదం, పిల్లకు కడుపునొప్పొస్తే ఆముదం, గుడ్డి దీపంలోనూ ఆముదమే. నా బుద్ధి అటే పోయింది. ఆ చచ్చిన షాకుల్లో చిక్కటి ఆముదం నింపాను. మూల అదిమి వదిలాను. బండి ఒక్కసారి లేచి బుద్ధిగా నిలబడింది.

ఆయన వచ్చేలోపు మళ్లీ మార్చేద్దామనుకున్నాను. మరెందుకు మార్చలేదు? నెలలు గడిచాయి, తీరిక లేకా కాదు. ఆయన ఇక రాడని ఊళ్లో అనుకునేవాళ్లు. ఆ మాట విన్నప్పుడు నాకు బాధ కలగలేదా? కలిగింది. బాధతో పాటు, రాకపోతే ఈ పీడ విరగడవుతుందన్న ఆలోచన కూడా ఒకటి వచ్చింది. చేసినదాని కంటే ఈ ఆలోచనను చెప్పుకోవడమే నాకు కష్టంగా ఉంది.

చలి తగ్గాక ఒక పొద్దున ఉస్తాద్ వచ్చాడు. చిక్కిపోయి ఉన్నాడు. నన్ను గట్టిగా కావలించుకున్నాడు. భార్యను తెచ్చుకుంటానని నేరుగా బండి దగ్గరికి పోయి మూల అదిమాడు. అది నిలబడింది. మంచిగ చూసుకున్నావురా అని నా భుజం తట్టాడు. ఆగు ఉస్తాద్, అంటే చాలు. ఆ రెండు మాటలు నా నోట రాలేదు.

బండి నడిచేకొద్దీ ఆముదం వేడెక్కి పలచబడింది, అరిగిన షాకుల్లోంచి కారిపోయింది. భార్య కోసం పోతుండగానే, చిట్యాల ఇవతల పూడ్చిన గండి దగ్గర బండి వెనకభాగం ఎగిరి పక్కకు పోయి కాలవలో బోర్లాపడింది. ఆయన కుడిచెయ్యి తలుపు కింద నలిగింది. ఎడ్లు కట్టి ఆ బండిని లాక్కొచ్చింది కూడా నేనే. షాకుల చుట్టూ ఆముదం జిడ్డు ఇంకా తడిగా ఉంది. శుభ్రంగా తుడిచాను. బోర్లాపడ్డప్పుడు ఊడిపోయాయని అందరూ అనుకుంటారని, వాటిని విప్పి పాడుబడ్డ బావిలో పడేశాను. దొంగకు తేలు కుట్టినట్టు ఉన్నాను.

నల్గొండ దవాఖానలో ఆయన పక్కన కూర్చున్నాను.

"షాకులు పోయినట్టున్నయ్‌రా" అన్నాడు. "తొందరల మూల అదిమి చూసి ఊకున్న. బండి కిందికి దూరి చూడకపోతి. తప్పు నాదే."

"ఇప్పుడు గవన్ని ఎందుకు ఉస్తాద్. పండుకో" అన్నాను.

"గీ చెయ్యి ఇగ పానా పట్టది. నా చేతులు నువ్వే బిడ్డా. సేటు కొలువు ఇడిసిపెట్టి నా దగ్గరికి రా."

వెళ్లాను. ఆయన స్టూలు మీద కూర్చుని చెప్పేవాడు, నేను చేసేవాణ్ణి. తనకు తెలిసిందేదీ దాచుకోలేదు. ఆయన భార్య మొదటి కంచం నాకే పెట్టేది, చెడ్డ రోజుల్లో నేనుండబట్టే బండి మిగిలిందనేది. ఆ షెడ్డు సంపాదన మీదే నా పెళ్లయింది, నా పిల్లలు చదువుకున్నారు. తిన్నింటి వాసాలు లెక్కపెట్టినవాడికి ఆ ఇంట్లోనే పీట వేశారు. నేను బతికిన బతుకంతా ఆ ఇద్దరు పెట్టింది. వాళ్లను తలుచుకుంటే ఇప్పటికీ చేతులు జోడిస్తాను. చెయ్యి విరగకపోతే ఆయన నన్ను అంత దగ్గరికి తీసేవాడా? ఈ ప్రశ్న వచ్చినప్పుడల్లా జోడించిన చేతులు నాకే రోతగా కనిపిస్తాయి.

ఎవరైనా షాకులు మార్పించుకోవడానికి వస్తే ఉస్తాద్ తన వంకర చెయ్యి ఎత్తి చూపించేవాడు. నన్ను చూసి బుద్ధి తెచ్చుకోండి, ఉస్తాద్‌నై ఉండి నా బండినే నేను చూసుకోలేదు, అనేవాడు. వాళ్లు నవ్వేవాళ్లు, ఆయనా నవ్వేవాడు. నేను వాళ్ల బండి కింద పడుకుని బోల్టులు బిగిస్తూ ఉండేవాణ్ణి. అక్కడ నా మొహం ఎవరికీ కనిపించదు. బతికినన్నాళ్లూ వచ్చినవాళ్లందరికీ ఆ మాట చెప్పాడు. ఒక్కసారి కూడా నేను కాదనలేదు.

మన్నించాల్సిన మనిషి లేడు, మన్నింపు నేను అడగడమూ లేదు. ఇది రాశాక మాత్రం గుండె కాస్త తేలికైంది, ఆ మాట దాచను. ఉస్తాద్ అందరి ముందు తన మీద వేసుకున్న నింద అబద్ధం. ఆయన తన బండిని ఎప్పుడూ సరిగ్గానే చూసుకున్నాడు. దాన్ని పాడుచేసింది నేను.